కమాండ్ లైన్ ‘ఓకే’ అన్న సర్టిఫికెట్‌లో అసలు ఏది ఓకే?

ఆ రోజు ఫోన్ ఉదయం 5:40కి మోగింది. మేం చూసుకునే ఒక సైట్ తెరుస్తుంటే ‘మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు’ అని హెచ్చరిక వస్తోందట. రాత్రి పడుకునేదాకా బాగానే ఉంది. నైట్ షిఫ్ట్‌లో ఉన్న కుర్రాడు మాత్రం గట్టిగా చెబుతున్నాడు: “అన్నా, సర్టిఫికెట్ మూడు వారాల కిందటే మార్చాం. ఇప్పుడే ఫైల్ చూశాను, ఇంకా బోలెడు గడువుంది.”

అతను అబద్ధం చెప్పట్లేదు. సర్వర్‌లో ఉన్న ఫైల్‌కి నిజంగానే గడువుంది. కానీ ఆ సర్వర్ వచ్చినవాళ్లకి చూపిస్తున్నది ఆ ఫైల్ కాదు. వెబ్ సర్వర్ ప్రోగ్రాం మామూలుగా మొదలైనప్పుడే సర్టిఫికెట్‌ని చదివి మెమరీలో పెట్టుకుంటుంది. తర్వాత డిస్క్ మీద ఫైల్ మార్చినా, రీలోడ్ చెయ్యమని చెప్పేదాకా పాతదాన్నే పట్టుకుని కూర్చుంటుంది.

మరి సరిగ్గా ఐదున్నరకే ఎందుకు పడిపోయింది? పాత సర్టిఫికెట్‌లో గడువు ‘23:59:59 జీఎంటీ’ అని ఉంది. దానికి మన ఐదున్నర గంటలు కలిపితే మర్నాటి ఉదయం 5:29:59. ఆ సెకను దాటగానే బ్రౌజర్లన్నీ తలుపులు వేసేశాయి. తేదీ ఒక్కటే చూసి ‘ఈ రాత్రికి పోతుంది’ అని లెక్కేసుకునేవాళ్లని ఇది తెల్లారుజామున పట్టుకుంటుంది.

ఇలాంటి ఫోన్లు ఇకపై ఎక్కువ కావచ్చు. బ్రౌజర్ కంపెనీలూ సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలూ కలిసి నడిపే సీఏ-బ్రౌజర్ ఫోరం 2025 ఏప్రిల్‌లో ఒక తీర్మానం చేసింది. అప్పటిదాకా 398 రోజులున్న గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులకి, 2027 మార్చి 15 నుంచి 100కి, 2029 మార్చి 15 నుంచి 47కి దిగుతుంది. ఏడాదికోసారి చేసే పని దాదాపు నెలకోసారి అవుతుంది. దాంతో ‘కమాండ్ లైన్‌లో ఒకసారి చెక్ చెయ్యి’ అనే మాట ఆఫీసుల్లో తరచూ వినిపిస్తోంది. కమాండ్ లైన్ అంటే ఆదేశాలు టైపు చేసి పని చేయించుకునే నల్ల తెర. చిక్కేమిటంటే, చెక్ చెయ్యడం అనేది ఒక్క పని కాదు. కనీసం ఐదు వేర్వేరు ప్రశ్నలు అందులో దూరి ఉంటాయి. కమాండ్ మనం అడిగినదానికే జవాబిస్తుంది, అడగనివి వదిలేస్తుంది.

సర్టిఫికెట్ అంటే ఎవరో పెట్టిన సంతకం

వెబ్‌సైట్ సర్టిఫికెట్ ఒక చిన్న ఫైల్. ఇది ఏ పేరుగల సైట్‌ది, ఆ సైట్ పబ్లిక్ కీ (అందరికీ ఇచ్చే తాళంచెవి లాంటి పెద్ద అంకె) ఏమిటి, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా చెల్లుతుంది, ఇదంతా నిజమేనని ఎవరు సంతకం పెట్టారు అనేవి అందులోని ముఖ్య విషయాలు. ఈ నమూనాకి ఎక్స్.509 అని పేరు. 1988లో, వెబ్ ఇంకా పుట్టకముందే, టెలికాం రంగం కోసం తయారైన ప్రమాణం ఇది.

మీసేవలో తీసుకునే ఆదాయ సర్టిఫికెట్‌ని గుర్తు చేసుకోండి. కాలేజీ వాళ్లకి మీ ఆదాయం తెలియదు. తహసీల్దార్ సంతకం చూసి నమ్ముతారు. ఆ తహసీల్దార్ కూడా వాళ్లకి తెలిసినాయన కాదు, కానీ ఆయనకి ఆ అధికారం ప్రభుత్వం ఇచ్చిందని తెలుసు. ప్రభుత్వం ఎవరు అని మాత్రం ఎవరూ అడగరు. అక్కడితో ప్రశ్నలు ఆగిపోతాయి.

వెబ్‌లోనూ ఇలాంటి మెట్లే. కింద సైట్ సర్టిఫికెట్. దాని మీద సంతకం పెట్టేది ఇంటర్మీడియట్. ఇంటర్మీడియట్‌కి అధికారం ఇచ్చేది రూట్. రూట్‌ని ఎవరూ ధ్రువీకరించరు. అది మీ కంప్యూటర్‌లోనో బ్రౌజర్‌లోనో ముందే కూర్చుని ఉంటుంది. ఈ సంతకాలు పెట్టే సంస్థల్ని సర్టిఫికెట్ అథారిటీలు, పొట్టిగా సీఏలు అంటారు. మన దగ్గర సీఏ అంటే ముందు ఆడిటర్ గుర్తొస్తాడు, ఆ సీఏ వేరు.

పోలిక ఒకచోట తెగిపోతుంది. ఆదాయ సర్టిఫికెట్ జిరాక్స్ ఇంకొకరి చేతిలో పడితే మనకి కంగారు. వెబ్ సర్టిఫికెట్ మాత్రం బహిరంగ పత్రం, ఎవరైనా కాపీ చేసుకోవచ్చు. దాంతోపాటు, పబ్లిక్ కీకి జతగా సర్వర్ దగ్గర రహస్యంగా ఉండే ప్రైవేట్ కీ లేకపోతే ఆ కాపీ దేనికీ పనికిరాదు. కనెక్షన్ మొదలయ్యేటప్పుడే, ఆ కీ తన దగ్గరుందని సర్వర్ లెక్క చేసి రుజువు చేసుకోవాలి.

ఇంకో మాట. సైట్ నడిపేవాడు మంచివాడని సర్టిఫికెట్ చెప్పదు. బ్యాంకు పేరుని కొంచెం మార్చి మోసపు సైట్ పెట్టినవాడికీ ఆ మార్చిన పేరు మీద సర్టిఫికెట్ ఉచితంగా దొరుకుతుంది. తాళం గుర్తు చూసి జనం పొరపాటు పడుతున్నారనే 2023లో క్రోమ్ ఆ గుర్తునే తీసేసింది.

నల్ల తెర మీద జరిగేది

ఈ పనికి ఎక్కువమంది వాడే పనిముట్టు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్. 1998 చివర్లో మొదలైన ఈ ఉచిత ప్రాజెక్టు ఈనాటికీ చాలా సర్వర్లలో ఉంటుంది. 2014 ఏప్రిల్‌లో ‘హార్ట్‌బ్లీడ్’ అనే లోపం బయటపడ్డప్పుడు ప్రపంచం అంతా ఒక్కసారి ఉలిక్కిపడింది ఇందుకే. లినక్స్‌లో ఇది మామూలుగా ఉండనే ఉంటుంది. విండోస్‌లో గిట్ ఇన్‌స్టాల్ చేస్తే దాంతోపాటు వస్తుంది. మ్యాక్‌లో అదే పేరుతో ఉండేది లిబ్రేఎస్‌ఎస్‌ఎల్ అనే దాయాది, కొన్ని ఆప్షన్లు దానికి తెలియవు.

కమాండ్లని ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను. ముందు ‘ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్’, తర్వాత ‘ఎస్ అండర్‌స్కోర్ క్లయింట్’, తర్వాత ‘హైఫన్ కనెక్ట్’, దాని పక్కన సైట్ పేరు, కోలన్, 443. ఆ 443 అనేది భద్రమైన వెబ్ కనెక్షన్లకి కేటాయించిన పోర్టు నంబర్. ఎంటర్ కొట్టగానే తెర నిండా అక్షరాలు పరుగెత్తి, కర్సర్ మినుకుమినుకుమంటూ ఆగిపోతుంది.

తొలిసారి చేసినవాళ్లు ఇక్కడ ‘హ్యాంగ్ అయింది’ అనుకుంటారు. హ్యాంగ్ అవ్వలేదు. అవతల ఫోన్ ఎత్తారు, మీరేం మాట్లాడతారా అని ఎదురుచూస్తున్నారు. ఎస్-క్లయింట్ నిజానికి సర్టిఫికెట్ చూసే కమాండే కాదు. అది సర్వర్‌తో భద్రమైన లైన్ కలిపి, దారిలో కనబడ్డవన్నీ తెర మీద పరిచే పరీక్షా సాధనం. అందుకే అలవాటైనవాళ్లు దాని ముందు, ఖాళీ వరుస పంపి ఊరుకునే ‘ఎకో’ అనే కమాండ్ ఒకటి తగిలిస్తారు. చెప్పడానికేమీ లేదని తెలియగానే లైన్ దానంతటదే తెగుతుంది.

వచ్చినదాన్ని పైపు గుర్తుతో ‘ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎక్స్509’ అనే రెండో కమాండ్‌కి అందిస్తే, అది సర్టిఫికెట్‌ని విప్పి మనకి అర్థమయ్యేలా చూపిస్తుంది. ‘హైఫన్ డేట్స్’ అంటే రెండు వరుసలొస్తాయి, నాట్‌బిఫోర్ ఒకటి, నాట్‌ఆఫ్టర్ ఒకటి. ‘హైఫన్ ఇష్యూయర్’ అంటే ఎవరిచ్చారో, ‘హైఫన్ సీరియల్’ అంటే నంబరెంతో చెబుతుంది.

ఇక్కడే మొదటి చిక్కు. ఒకే ఐపీ అడ్రస్ (నెట్‌లో మెషీన్ చిరునామాగా ఉండే నంబర్) మీద ఈ రోజుల్లో వందల సైట్లుంటాయి. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఫ్లాట్ నంబర్ చెప్పకపోతే వాచ్‌మన్ ఏ ఫ్లాట్‌కని పంపుతాడు? సర్వర్ కూడా అంతే, పేరు చెప్పకపోతే తనకి తోచిన సర్టిఫికెట్ ఒకటి చేతిలో పెడుతుంది. ఆ పేరు చెప్పే ఏర్పాటుని ఎస్‌ఎన్‌ఐ అంటారు, కమాండ్‌లో ‘హైఫన్ సర్వర్‌నేమ్’. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1 నుంచి ఇది దానంతటదే పేరు పంపుతుంది. పాత వెర్షన్లలో మనమే ఇవ్వాలి. పేరు బదులు ఐపీ అడ్రస్‌తో కనెక్ట్ అయితే ఏ వెర్షన్‌లోనైనా మనమే ఇవ్వాలి. ‘మా సైట్‌కి వేరే ఎవరిదో సర్టిఫికెట్ వస్తోంది’ అని కంగారుపడి ఫోన్ చేసేవాళ్లలో కొందరిది ఈ కథే.

చివర్లో వచ్చే జీరో

ఎస్-క్లయింట్ తెర మీద పోసిన దాని అడుగున ఒక వరుస ఉంటుంది: ‘వెరిఫై రిటర్న్ కోడ్: 0’, పక్కనే ‘ఓకే’. దాన్ని చూసి హమ్మయ్య అనుకుంటాం. నేనూ చాన్నాళ్లు అలాగే అనుకున్నాను.

సంతకాల వరుస రూట్ దాకా సరిగ్గా కలిసింది, తేదీలు చెల్లుతున్నాయి అని మాత్రమే ఆ జీరో అర్థం. సర్టిఫికెట్‌లో ఉన్న పేరూ మీరు అడిగిన సైట్ పేరూ ఒకటేనా అన్నది ఎస్-క్లయింట్ తనంతట తాను చూడదు. ఒకసారి మళ్లీ చదవండి, ఎందుకంటే ఇది చాలామంది నమ్మరు. పక్కింటివాళ్ల సర్టిఫికెట్ చూపించినా, అది అసలైనదే అయితే ‘ఓకే’ అనే అంటుంది.

పరీక్షించి చూడొచ్చు. ఇలాంటి తప్పుల్ని కావాలనే పెట్టి, నేర్చుకునేవాళ్ల కోసం నడిపే బ్యాడ్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్ అనే సైట్ ఉంది. అందులో ‘రాంగ్ డాట్ హోస్ట్ డాట్ బ్యాడ్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్’ అనే చిరునామా తీసుకుందాం. ఆ సర్వర్ చూపించే సర్టిఫికెట్ ‘స్టార్ డాట్ బ్యాడ్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్’ పేరు మీద ఉంటుంది. స్టార్ ఉంది కదా, అన్నిటికీ సరిపోతుందిలే అనిపిస్తుంది. కానీ స్టార్ ఒక్క మెట్టుకే సరిపోతుంది. మెయిల్, షాప్ లాంటి ఒక్క పదం స్టార్ స్థానంలో కూర్చోవచ్చు, ‘రాంగ్ డాట్ హోస్ట్’ అని రెండు పదాలు కూర్చోలేవు. బ్రౌజర్ ఈ చిరునామాని తెరవనివ్వదు. ఎస్-క్లయింట్ మామూలుగా అడిగితే జీరో ఓకే. అదే ‘హైఫన్ వెరిఫై అండర్‌స్కోర్ హోస్ట్‌నేమ్’ అని పేరు ఇచ్చి అడిగితే కోడ్ 62, హోస్ట్‌నేమ్ మిస్‌మ్యాచ్.

పేరు అన్నప్పుడు ఏ పేరు అన్నది కూడా మారింది. పాత రోజుల్లో సర్టిఫికెట్‌లో ‘కామన్ నేమ్’ అనే చోట సైట్ పేరుండేది. ఇప్పుడు బ్రౌజర్లు దాన్ని చూడవు. 2017లో క్రోమ్ 58వ వెర్షన్ దాన్ని పూర్తిగా వదిలేసింది. ‘సబ్జెక్ట్ ఆల్టర్నేటివ్ నేమ్’ అనే జాబితాలో పేరుంటేనే లెక్క. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడుగ్గా, ఆధార్‌లో పొట్టిగా ఉంటే కౌంటర్‌లో తిప్పి పంపేస్తారే, అచ్చం అదే పద్ధతి. ముందు మూడు డబ్ల్యూలున్న పేరూ లేని పేరూ ఇక్కడ రెండు వేర్వేరు పేర్లు.

ఇంకో సంగతి. తప్పు దొరికినా ఎస్-క్లయింట్ ఆగదు. గడువు తీరిందని కోడ్ 10 చూపించి కూడా లైన్ కలిపేస్తుంది. దాని పని పరీక్ష కాబట్టి ఈ స్వభావం సబబే. దోషం ఉన్న సర్వర్‌ని కూడా చూడగలగాలి కదా. కానీ ‘కనెక్ట్ అయింది, అంటే బాగానే ఉంది’ అని స్క్రిప్టు (కమాండ్లని వరుసగా నడిపే చిన్న ప్రోగ్రాం) రాసినవాడు దెబ్బతింటాడు. తప్పుంటే ఆగిపోవాలంటే ‘వెరిఫై రిటర్న్ ఎర్రర్’ అనే ఆప్షన్ విడిగా ఇవ్వాలి. దీంతో పోలిస్తే వెబ్ పేజీలు తెచ్చే కర్ల్ అనే కమాండ్ బ్రౌజర్‌కి దగ్గరగా ప్రవర్తిస్తుంది. పేరు, తేదీ, సంతకాలు అన్నీ చూస్తుంది, తేడా వస్తే 60 అనే కోడ్‌తో ఆగిపోతుంది.

బ్రౌజర్‌లో వస్తుంది, కమాండ్‌లో రాదు

దీనికి పూర్తిగా తిరగబడ్డ సమస్య కూడా ఉంది. సైట్ ల్యాప్‌టాప్‌లో చక్కగా తెరుచుకుంటుంది. అదే సైట్‌కి పేమెంట్ సమాచారం పంపే ఇంకో సర్వర్ మాత్రం ‘సర్టిఫికెట్ చెల్లదు’ అంటుంది. ఎవరిది తప్పు అని రెండు టీములు వారం రోజులు మెయిళ్లు రాసుకుంటాయి.

కమాండ్ లైన్‌లో చూస్తే సాధారణంగా కోడ్ 20 లేదా 21 కనిపిస్తుంది. ఇచ్చినవాడి సర్టిఫికెట్ నా దగ్గర దొరకలేదు, మొదటిదాన్నే ధ్రువీకరించలేకపోయాను అని వాటి సారాంశం. తెర మీద కొంచెం పైకి వెళ్తే ‘సర్టిఫికెట్ చైన్’ అనే భాగం ఉంటుంది. సున్నా నంబర్ దగ్గర ‘ఎస్’ అనే అక్షరం పక్కన సైట్ పేరు, దాని కింద ‘ఐ’ పక్కన సంతకం పెట్టినవారి పేరు. ఒకటో నంబర్ ‘ఎస్’లో సరిగ్గా ఆ పేరే మళ్లీ కనబడాలి. గొలుసు కొక్కేల్లా ఒకదాని ‘ఐ’ తర్వాతి దాని ‘ఎస్’కి తగులుకోవాలి. సమస్య ఉన్న సర్వర్‌లో సున్నా నంబర్ ఒక్కటే ఉండి, ఒకటో నంబరే ఉండదు. అంటే సర్వర్ తన సర్టిఫికెట్ ఇచ్చింది కానీ ఇంటర్మీడియట్‌ని జతచెయ్యలేదు.

మరి బ్రౌజర్‌కి ఎలా పనిచేసింది? సైట్ సర్టిఫికెట్‌లోనే ఇంటర్మీడియట్ ఎక్కడ దొరుకుతుందో ఒక చిరునామా రాసి ఉంటుంది. క్రోమ్ వెళ్లి తెచ్చుకుంటుంది. ఫైర్‌ఫాక్స్ అయితే తెలిసిన ఇంటర్మీడియట్లని ముందే దించి పెట్టుకుంటుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, దాని మీద ఆధారపడ్డ ప్రోగ్రాములు మామూలుగా అలా వెతుక్కోవు. కాబట్టి బ్రౌజర్‌లో తెరుచుకోవడం సర్వర్ సరిగ్గా ఉందనడానికి రుజువు కాదు. ఇంటర్మీడియట్ పంపడం సర్వర్ బాధ్యతే. ఇలాంటప్పుడు కొందరు కర్ల్‌కి ‘హైఫన్ కె’ తగిలించి దాటేస్తారు. ఆ అక్షరానికి అర్థం ‘ఎవరైనా సరే, లోపలికి రానివ్వు’ అని. టెస్టింగ్ కోసం పెట్టిన ఆ కె అసలు సర్వర్‌లో ఏళ్లతరబడి ఉండిపోయిన చోట్లు చూశాను.

2021 సెప్టెంబర్ 30న జరిగింది ఇంకా తమాషా. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ 2015 చివర్లో ఉచిత సర్టిఫికెట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటికి దాని సొంత రూట్‌ని ఎవరూ ఎరగరు. కాబట్టి డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే పాత, పేరున్న రూట్ చేత అదనపు సంతకం పెట్టించుకుంది. ఊళ్లో కొత్తగా దిగినవాళ్లకి పాతకాపు ఒకరు హామీ ఉన్నట్టు. ఆ పాత రూట్ గడువు ఆ రోజుతో తీరింది. ఈలోపు లెట్స్ ఎన్‌క్రిప్ట్ సొంత రూట్ కూడా చాలా కంప్యూటర్లలోకి చేరిపోయింది కాబట్టి ఇబ్బంది ఉండకూడదు. కానీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.0.2 లాంటి పాత వెర్షన్లు సర్వర్ పంపిన గొలుసునే చివరిదాకా పట్టుకుని వెళ్లి, గడువు తీరిన రూట్ దగ్గర ఆగి ‘చెల్లదు’ అన్నాయి. కొత్త రూట్ తమ జేబులోనే ఉన్నా చూసుకోలేదు. పాత ఆండ్రాయిడ్ ఫోన్లేమో రూట్ గడువుని పట్టించుకోవు కాబట్టి హాయిగా పనిచేశాయి. ఒకే సర్టిఫికెట్, ఒకే నిమిషం. ఒకరికి చెల్లింది, ఇంకొకరికి చెల్లలేదు.

మీ మెషీన్ ఎవరిని నమ్ముతోంది

‘చెల్లుతుంది’ అనేది సర్టిఫికెట్‌లో ఉండే గుణం కాదు, చూసేవాడిని బట్టి ఉంటుంది. విండోస్‌కి ఒక రూట్ల జాబితా, యాపిల్‌కి ఒకటి, ఫైర్‌ఫాక్స్‌కి దాన్ని తయారుచేసే మొజిల్లా జాబితా, క్రోమ్‌కి ఇప్పుడు సొంతది. లినక్స్‌లో ఎక్కువగా మొజిల్లా జాబితానే ప్యాకేజీగా వస్తుంది.

ఈ తేడా ఎంత పెద్దదో మన దేశం విషయంలోనే తెలిసొచ్చింది. 2014 జులై 2న గూగుల్ తన డొమైన్ల పేరు మీద ఎవరికో జారీ అయిన సర్టిఫికెట్లని గమనించింది. వాటిని ఇచ్చింది నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్, అంటే ఎన్‌ఐసీ కింద ఉన్న ఇంటర్మీడియట్. దానికి పైన ఉన్నది ఐటీ చట్టం కింద ఏర్పడిన కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్ రూట్. ఆ రూట్ మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉంది, మొజిల్లా జాబితాలో లేదు. అంటే ఆ దొంగ సర్టిఫికెట్లని చాలా విండోస్ ప్రోగ్రాములు నమ్మే అవకాశం ఉంది, ఫైర్‌ఫాక్స్ మాత్రం నమ్మదు. మర్నాడే ఆ ఇంటర్మీడియట్లని కంట్రోలర్ రద్దు చేశారు. తర్వాత క్రోమ్ ఆ రూట్‌ని గవ్ డాట్ ఇన్, ఎన్‌ఐసీ డాట్ ఇన్ లాంటి కొన్ని డొమైన్లకే పరిమితం చేసింది.

అంతకు మూడేళ్ల ముందు, 2011లో, నెదర్లాండ్స్‌లోని డిజినోటార్ అనే సీఏలోకి దుండగులు చొరబడి గూగుల్ పేరు మీద సర్టిఫికెట్ పుట్టించి ఇరాన్‌లో వాడారు. ఆ కంపెనీ ఆ ఏడాదే దివాలా తీసింది. ఇలాంటి అనుభవాల ఒత్తిడితోనే జారీ అయిన ప్రతి సర్టిఫికెట్‌నీ బహిరంగ చిట్టాలో రాసే పద్ధతి వచ్చింది. 2018 ఏప్రిల్ 30 తర్వాత జారీ అయినవాటికి క్రోమ్ దాన్ని తప్పనిసరి చేసింది.

మీ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కూడా దీని చిన్న రూపం చూడొచ్చు. ఏదైనా పెద్ద సైట్‌కి కనెక్ట్ అయి ఇష్యూయర్ ఎవరో చూడండి. పేరున్న సీఏ బదులు మీ కంపెనీ పేరో, యాంటీవైరస్ పేరో కనిపిస్తే, మధ్యలో ఎవరో లైన్ విప్పి చదివి మళ్లీ మూసి పంపుతున్నారన్నమాట. కంపెనీ తన రూట్‌ని మీ మెషీన్‌లో పెట్టుకుంది కాబట్టి బ్రౌజర్ మాట్లాడదు. కొత్తగా చేరిన డెవలపర్ పైథాన్‌లో రాసిన ప్రోగ్రాం మాత్రం ఒప్పుకోదు. దాని జాబితా వేరే, అందులో కంపెనీ రూట్ లేదు. ఇది భద్రత కోసమేనని కంపెనీలు, గోప్యత పోతోందని ఉద్యోగులు అంటారు. ఇష్యూయర్ వరుస మాత్రం జరుగుతున్నదేమిటో దాచకుండా చూపిస్తుంది.

రద్దయిందా లేదా

ప్రైవేట్ కీ దొంగలపాలైతే గడువు తీరకముందే సర్టిఫికెట్‌ని రద్దు చెయ్యాలి. ఆ సంగతి లోకానికి తెలియడమే కష్టం. రద్దయినవాటి జాబితాలు పెద్దవి. ఒక్కోదాన్ని సీఏని అడిగి తెలుసుకునే ఓసీఎస్‌పీ అనే పద్ధతిలో, మీరు ఏ సైట్ చూస్తున్నారో సీఏకి తెలిసిపోతుంది. పైగా అటునుంచి జవాబు రాకపోతే చాలా బ్రౌజర్లు పోనీలే అని వదిలేసేవి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2025లో ఓసీఎస్‌పీ సేవని ఆపేసి జాబితాలకే మళ్లింది. మన ఎస్-క్లయింట్ జీరో ఓకేలో ఈ విచారణ కూడా ఉండదు, విడిగా అడిగితే తప్ప.

47 రోజులు ఎవరికి మేలు

గడువు తగ్గించాలనే వాదన ఇక్కడి నుంచే పుట్టింది. రద్దు పద్ధతి నమ్మకంగా పనిచేయనప్పుడు, పోయిన కీ ఎక్కువకాలం చెల్లకుండా చూడటమే మార్గమని ప్రతిపాదించిన యాపిల్, దాన్ని బలపరిచిన గూగుల్, మొజిల్లా వాదన. సైట్ చేతులు మారినా పాత యజమాని దగ్గర చెల్లే సర్టిఫికెట్ మిగిలిపోవడం ఇంకో బెడద. ఆటోమేషన్ ఎలాగూ తప్పదు కాబట్టి, గడువు కుదిస్తే అందరూ దానికి మళ్లుతారని కూడా అంటారు. 47 అనే అంకె ఊరికే రాలేదు. పెద్ద నెల ఒకటి 31, అర నెల 15, చేతికింద ఒక రోజు.

అవతలివైపు మాటలోనూ బలముంది. క్లౌడ్‌లో ఉన్నవాడికి ఆటోమేషన్ తేలిక. కానీ ఆసుపత్రిలో పాత స్కానింగ్ మెషీన్, ఫ్యాక్టరీలో కంట్రోల్ ప్యానెల్, వెబ్ పేజీలో చేత్తో సర్టిఫికెట్ ఎక్కించాల్సిన ఫైర్‌వాల్ ఏం కావాలి? మారుస్తున్న ప్రతిసారీ తప్పు జరిగే అవకాశం ఉంటుంది. ఏడాదికోసారి మర్చిపోయేవాళ్లు నెలకోసారి మర్చిపోరని హామీ ఏమిటి? అదీకాక, జారీ చేసే సీఏ ఒక్క రోజు పడిపోతే దాని దెబ్బ గడువు పొట్టిదైనకొద్దీ పెద్దదవుతుంది. పెద్ద కంపెనీలకే తప్పనప్పుడు చిన్నవాళ్ల సంగతేమిటన్నది న్యాయమైన ప్రశ్నే. 2018 డిసెంబర్ 6న టెలికాం పరికరాల కంపెనీ ఎరిక్సన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక సర్టిఫికెట్ గడువు తీరి బ్రిటన్‌లో ఓ2, జపాన్‌లో సాఫ్ట్‌బ్యాంక్ మొబైల్ సేవలు ఆగిపోయాయి. 2020 ఫిబ్రవరి 3న మైక్రోసాఫ్ట్ టీమ్స్ అదే కారణంతో గంటలపాటు పడిపోయింది.

తమాషా ఏమిటంటే రెండు వర్గాలూ ఇవే ఘటనల్ని చూపిస్తాయి. ఒకరు ‘చేత్తో చేస్తే ఇంతే’ అంటారు, ఇంకొకరు ‘ఇలాంటివి పన్నెండింతలు కోరితెచ్చుకుంటున్నాం’ అంటారు. ఓటింగ్‌లో మాత్రం ఒక్కరూ వ్యతిరేకించలేదు, కొన్ని సీఏలు తటస్థంగా ఉండిపోయాయి. నాకైతే ఆటోమేషన్ ఉన్నచోట 47 రోజులు పెద్ద సమస్య అనిపించదు. కానీ ఆటోమేషన్ ఉందనుకుని సగమే ఉన్నచోట గండం. ఫైల్ దానంతటదే మారుతుంది, రీలోడ్ మాత్రం జరగదు.

సెకన్లలో లెక్క

ఎక్స్509 కమాండ్‌కి ‘చెక్ ఎండ్’ అనే ఆప్షన్ ఉంది. దానికి సెకన్లు ఇవ్వాలి. 30 రోజులు అంటే 30 ఇంటూ 86,400, మొత్తం 25,92,000. ఈలోపు గడువు తీరకపోతే కమాండ్ 0 తిరిగిస్తుంది, తీరేటట్టయితే 1. గడువు దగ్గరపడిందా అని రోజూ చూసే స్క్రిప్టులు చాలావరకు దీని మీదే నడుస్తాయి.

398 రోజుల కాలంలో ‘30 రోజులు మిగిలితే చెప్పు’ అంటే సరిపోయేది. 47 రోజుల సర్టిఫికెట్‌కి అదే లెక్క పెడితే తీసుకున్న 17వ రోజు నుంచే అలారం మోగుతుంది. రోజూ మోగే అలారాన్ని ఎవరూ వినరు. కాబట్టి ఆ అంకెలన్నీ మళ్లీ వేసుకోవాల్సిందే. ఇంకో లోపం, చెక్ ఎండ్ తేదీ తప్ప ఇంకేమీ చూడదు. పేరు తప్పైనా, ఇంటర్మీడియట్ లేకపోయినా దానికి పట్టదు. మూడోది మా కుర్రాడు చేసినదే. దాన్ని డిస్క్ మీద ఫైల్‌కి పెట్టొచ్చు, లైన్ మీద వచ్చినదానికీ పెట్టొచ్చు. మా మానిటరింగ్ స్క్రిప్టు ఏడాదిగా ఫైల్‌నే చూస్తోంది, ఏడాదిగా పచ్చ గుర్తే చూపిస్తోంది.

ఆ ఉదయం 5:55కి సర్వర్‌ని రీలోడ్ చేయించాను. నా ఫోన్‌లో సైట్ తెరుచుకుంది. “అయిపోయింది అన్నా” అన్నాడు. పది నిమిషాల్లో మళ్లీ ఫోన్. కొందరికి వస్తోంది, కొందరికి రావట్లేదు.

ఆ సైట్ వెనక రెండు మెషీన్లున్నాయి, ముందున్న లోడ్ బ్యాలెన్సర్ వచ్చినవాళ్లని ఒకసారి ఇటు, ఒకసారి అటు పంపుతుంది. పేరుతో కనెక్ట్ అయితే ఎటు వెళ్తామో మన చేతిలో ఉండదు. అందుకని రెండు మెషీన్ల లోపలి ఐపీలకి విడివిడిగా కనెక్ట్ అయి, సర్వర్‌నేమ్ దగ్గర సైట్ పేరు ఇచ్చి, సీరియల్ నంబర్లు అడిగించాను. మొదటిది కొత్త నంబర్ చెప్పింది. రెండోది పాతదే చెప్పింది. “దాన్ని కూడా రీలోడ్ చెయ్యి” అన్నాను. చేశాడు, మళ్లీ పాత నంబరే. అప్పుడు ఆ రెండో మెషీన్‌లో ఫైల్ తెరిచి చూశాడు. మూడు వారాల కిందట కొత్త సర్టిఫికెట్‌ని అందులోకి అసలు కాపీయే చెయ్యలేదు.

6:25కి రెండు చోట్లా ఒకే సీరియల్ నంబర్ వచ్చింది.